‘స్పాయిలర్ ఉంది’ అంటే చాలదు, ‘ఏది చూశాకే’ అని చెప్పాలి: గేమ్ ఆఫ్ థ్రోన్స్ చర్చల మీద ఒక కేస్ స్టడీ

ముందుగా ఒక మాట. ఈ సిరీస్ ఇంకా చూడనివాళ్లు కూడా దీన్ని నిర్భయంగా చదువుకోవచ్చు. ఎవరు పోయారు, ఎవరు మిగిలారు, ఎవరు ఎవరి బిడ్డ అన్నది ఇందులో ఎక్కడా లేదు. స్పాయిలర్ల గురించి, అంటే చూడనివాళ్లకి కథని ముందే బయటపెట్టే మాటల గురించి రాస్తూ స్పాయిలర్ వదిలేవాళ్లు ఎక్కువైపోయారు కాబట్టి ఈ హామీ.

కేసు స్వరూపం

గేమ్ ఆఫ్ థ్రోన్స్ అనే అమెరికా టీవీ సిరీస్ 2011 ఏప్రిల్ 17న మొదలై 2019 మే 19న ముగిసింది. మొత్తం 8 సీజన్లు, 73 ఎపిసోడ్లు. మొదటి ఆరు సీజన్లకు పదేసి, ఏడోదానికి 7, ఎనిమిదోదానికి 6. సీజన్ నడుస్తున్నంత కాలం వారానికి ఒకటి. దానికి ఆధారం జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ నవలలు. 1996, 1998, 2000, 2005 సంవత్సరాల్లో నాలుగు వచ్చేశాయి. ఐదోది 2011 జూలై 12న, మొదటి సీజన్ ముగిసిన మూడు వారాల తర్వాత వచ్చింది.

స్పాయిలర్ల సంగతి చూసేవాళ్లకు ఇంతకంటే కష్టమైన కేసు అరుదు. మామూలు సిరీస్‌కి రెండు రకాల జనమే ఉంటారు: ఈ వారం ఎపిసోడ్ చూసినవాళ్లు, ఇంకా చూడనివాళ్లు. ఇక్కడ అలా కాదు. టీవీ మాత్రమే చూసేవాళ్లు ఒకరు. టీవీలోనూ రెండు సీజన్లు వెనకబడ్డవాళ్లు ఒకరు. మూడో పుస్తకం దాకా చదివి ఆగినవాళ్లు, ఐదూ చదివినవాళ్లు వేరు. ఇంకా రాని ఆరో పుస్తకం నుంచి రచయిత ముందుగా విడుదల చేసిన అధ్యాయాలు కూడా చదివినవాళ్లు ఒక వర్గం. షూటింగ్ ఫొటోలు, లీకులు వెంటాడేవాళ్లు మరో వర్గం. వీళ్లంతా ఒకే చోట, ఒకే ఎపిసోడ్ గురించి, ఒకే రాత్రి మాట్లాడుకోవాలి.

పోనీ పుస్తకాలకూ సీజన్లకూ లెక్క కుదురుతుందా అంటే అదీ లేదు. మూడో పుస్తకం రెండు సీజన్లకు పరుచుకుంది. నాలుగు, ఐదు పుస్తకాల కథలు చాలావరకు ఒకే కాలంలో, వేరు వేరు పాత్రలతో, పక్కపక్కన నడుస్తాయి. టీవీలో ఆ రెండూ కలిపేశారు. కాబట్టి ‘నాలుగో పుస్తకం చదివినవాళ్లు ఫలానా ఎపిసోడ్ దాకా సురక్షితం’ అని ఒక పట్టిక వేసుకుందామన్నా కుదరదు.

లేబుల్ ఏం చెప్పాలి

ఒకే వాక్యం ఒకరికి పాత ముచ్చట, పక్కవాడికి నెత్తిన పిడుగు. అందుకే ‘స్పాయిలర్ అలర్ట్’ అన్న ఉత్త హెచ్చరిక ఎందుకూ కొరగాదు. మూడో సీజన్ చూస్తున్నవాడికి ఆ హెచ్చరిక కనపడితే లోపలున్నది రెండో సీజన్ సంగతా, ఎనిమిదోదా అన్నది తెలిసే దారి లేదు. జాగ్రత్తపరుడు తాను హాయిగా చదవగలిగే చర్చని కూడా వదిలేసుకుంటాడు. తొందరపాటు మనిషి తెరిచి దెబ్బ తింటాడు. నాలుగు రోజులు పోయాక ఇద్దరూ లేబుల్‌ని పట్టించుకోవడం మానేస్తారు.

ఈ కేసులో పని చేసింది పరిధి లేబుల్. రెడిట్ అనే ఆన్‌లైన్ చర్చా వేదికలోని పుస్తక పాఠకుల విభాగంలో పోస్ట్ టైటిల్ మొదట్లోనే, బ్రాకెట్లలో, ఇది ఎక్కడి వరకు మాట్లాడుతుందో రాయాలన్న నియమం పెట్టారు. కామెంట్లకు కూడా అదే హద్దు. హద్దు దాటే మాట చెప్పాలంటే ముసుగు వేసి, అంటే చదివేవాడు కావాలని తెరిస్తేనే కనపడేలా దాచి చెప్పాలి. లేబుల్ రాయడం పోస్ట్ చేసేవాడి బాధ్యత. అది చదివి లోపలికి రావాలా వద్దా అన్నది చదివేవాడి బాధ్యత. ఈ విభజన కుదిరితే చర్చకి కాపలా కాసే మోడరేటర్ పని బాగా తగ్గుతుంది.

తెలుగులో లేబుల్ రాసేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. ‘ఎపిసోడ్ 5 వరకు’ అంటే అయిదు కలిపా, కలపకుండానా? ‘దాకా’ అన్నా అదే తగువు. ‘అయిదు దాకా అన్నారు కదా, నేను నాలుగు చూసి వచ్చాను’ అని ఒకడు లబోదిబోమంటాడు, అతని తప్పు కూడా ఏం లేదు. దీనికి విరుగుడు క్రియని మార్చడమే: ‘సీ3ఎ5 చూశాకే’, అంటే మూడో సీజన్ అయిదో ఎపిసోడ్ చూశాకే. ఇందులో సందేహానికి చోటు లేదు. పుస్తకాల సంగతి పక్కనే రెండో బ్రాకెట్‌లో: ‘పుస్తకం లేదు’, ‘పుస్తకం 3 చదివాకే’, ‘అన్ని పుస్తకాలూ’. మూడో బ్రాకెట్ లీకులకు, షూటింగ్ వార్తలకు. అవేం లేకపోతే అది అవసరమే లేదు.

లేబుల్ టైటిల్ చివర పెడితే దండగ. ఫోన్లో టైటిల్ తోక తెగిపోతుంది, నోటిఫికేషన్‌లో మొదటి కొన్ని మాటలే కనిపిస్తాయి. కనుక ముందే ఉండాలి. లేబుల్ తర్వాత వచ్చే టైటిల్‌లో మాత్రం కథ ఉండకూడదు, ఎందుకంటే టైటిల్‌కి ముసుగు వేసే సౌకర్యం దాదాపు ఎక్కడా లేదు. ఓడ కథతో ఒక ఊహా సిరీస్ ఉందనుకుందాం. ‘సీ2ఎ5 చూశాకే: కెప్టెన్ అలా చేస్తాడనుకోలేదు’ అని పెడితే లేబుల్ సరిగ్గానే ఉంది, పోస్ట్ మాత్రం తప్పు, చూడనివాడికి కెప్టెన్ ఏదో ద్రోహమో త్యాగమో చేస్తాడని తెలిసిపోయింది. ‘సీ2ఎ5 చూశాకే: కెప్టెన్ నిర్ణయం’ అన్నా కొంచెం కారుతుంది. ‘సీ2ఎ5 చూశాకే: ఓడ సీన్’ అంటే సరిపోతుంది. పాత్ర పేరు, దాని పక్కన క్రియ, లేదా ఉద్వేగం: ఈ రెండూ కలిస్తే టైటిల్ పనికిరాదు. స్థలమో, సీనో, ఎపిసోడ్ నంబరో చాలు.

ముసుగు వేసినా కారేది

కామెంట్ లోపల మాటల్ని దాచే గుర్తులు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. రెడిట్‌లో >! తో మొదలుపెట్టి !< తో ముగించాలి. డిస్కార్డ్, టెలిగ్రామ్ చాట్ యాప్‌లలో అటూ ఇటూ రెండేసి నిలువు గీతలు, || ఇలా. రెడిట్‌లో తరచూ జరిగే పొరపాట్లు రెండు. మొదటిది, >! తర్వాత ఖాళీ వదలడం. కొత్త రూపంలో దాగినట్టే కనిపిస్తుంది, పాత రూపం వాడేవాళ్లకి మొత్తం బట్టబయలు. రెండోది, ఒక్క ముసుగు కింద రెండు పేరాలు రాయడం. పేరా మారగానే ముసుగు తెగిపోతుంది. ప్రతి పేరాకీ విడిగా వేయాలి.

ఈ గుర్తులు లేని రోజుల్లో చేసిన ఏర్పాట్లు చూస్తే నేటి తప్పులు కూడా అర్థమవుతాయి. వెబ్‌కి ముందే పుట్టిన యూజ్‌నెట్ అనే చర్చా వేదిక కాలంలో తెరకు 24 వరుసలు కాబట్టి అన్ని ఖాళీ వరుసలు వదిలి కింద అసలు సంగతి రాసేవాళ్లు. లేదా రాట్13 అని, ప్రతి ఇంగ్లిష్ అక్షరాన్నీ పదమూడు స్థానాలు జరిపి రాసేవాళ్లు. ఇంగ్లిష్ అక్షరాలు 26 కాబట్టి రెండోసారి జరిపితే మళ్లీ అసలు మాట వస్తుంది. మన లిపికి ఆ కిటుకు పనికిరాదు. తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాళ్లకి మాత్రం భేషుగ్గా పని చేస్తుంది.

ఈ సిరీస్ మొదలైనప్పటికి రెడిట్‌లో సొంత స్పాయిలర్ సౌకర్యం లేదు. పోస్టులకు అది 2017 జనవరిలో వచ్చింది. అంతకుముందు ఒక్కో విభాగం తన పేజీ రూపురేఖల్లో కిటుకు పెట్టుకునేది: అక్షరాలకూ వెనక రంగుకూ ఒకే నలుపు, మౌస్ పెడితే కనపడేలా. కంప్యూటర్‌లో చక్కగా ఉండేది. ఆ రూపురేఖలను పట్టించుకోని ఫోన్ యాప్‌లలో మాత్రం ముసుగు జాడే ఉండేది కాదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగిన చందం. పైగా రంగుతో దాచిన మాటల్ని, చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ గట్టిగా చదివి పెడుతుంది. కాబట్టి ఏ కొత్త వేదికలోనైనా నియమాలు రాయడానికి ముందు ఒక పరీక్ష పోస్ట్ పెట్టి ఆరు చోట్ల చూడాలి: బ్రౌజర్, ఫోన్ యాప్, లాక్ స్క్రీన్ మీద నోటిఫికేషన్, ఈమెయిల్, వెతుకులాట ఫలితాలు, ఎవరైనా కోట్ చేస్తే వచ్చే రూపం. ముసుగు ఎక్కువగా జారిపోయేది చివరి మూడింటిలో.

సాంకేతికంగా ముసుగు నిలిచినా భాష దగ్గర కారుతుంది. తెలుగులో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే మన క్రియ గుట్టు దాచదు. ఇందాకటి ఊహా సిరీస్‌నే తీసుకుందాం. ఓడలో ఐదుగురు సిబ్బంది, అందులో ఒక్కతే ఆడమనిషి, నర్సు. ఒకరు ఇలా రాశారు:

‘చివర్లో ▮▮▮▮ చనిపోయింది, తట్టుకోలేకపోయాను.’

పేరు దాచారు. ‘చనిపోయింది’ బయటే ఉంది. ఇంక దాచిందేముంది? ‘చనిపోయాడు’ అని ఉంటే నర్సు బతికిందని చెప్పినట్టే. ‘చనిపోయారు’ అంటే ఒకరి కంటే ఎక్కువమంది, లేదా అందరూ గారూ అని పిలిచే పెద్దాయన. ఏ రూపం వాడినా ఒక ముక్క జారింది. దీన్ని సరిచేయాలంటే పేరుతో పాటు క్రియ, ఉద్వేగం అన్నీ ముసుగులోకి వెళ్లాలి:

‘సీ2ఎ5 ఓడ సీన్ గురించి: ▮▮▮▮▮▮▮▮▮▮▮▮▮▮▮▮▮▮▮▮▮▮’

బయట మిగలాల్సింది పరిధి, విషయం, అంతే. ముసుగు ముందు ఈ రెండూ లేకపోయినా తప్పే. నల్ల పట్టీ కనపడుతుంది గానీ దాన్ని తెరవొచ్చో లేదో చదివేవాడికి తెలియదు.

క్రియ కాలం కూడా ఇంతే. ‘భలే మనిషి’ అనేవాడు కాస్తా ‘భలే మనిషి, ఎప్పుడూ నవ్విస్తూ ఉండేవాడు’ అన్నాడంటే సంగతి అయిపోయినట్టే. మర్యాద మారడం మరీ సూక్ష్మం: పోయిన వారం దాకా ‘వాడు’ అన్న పాత్రని ఈ వారం ‘ఆయన’ అంటే ఆ పాత్ర మంచివాడైందనో గద్దెనెక్కిందనో చదివేవాడు ఊహిస్తాడు. ఇలాంటివి ఏ ఆటోమేటిక్ ఫిల్టరూ పట్టుకోలేదు. నియమాల పేజీలో రెండు ఉదాహరణలు పెట్టి చూపడమే మార్గం. ఒకసారి చూసినవాళ్లు తమంతట తామే సర్దుకుంటారు.

గడియారం

ఈ సిరీస్ అమెరికా తూర్పు తీర సమయం ప్రకారం ఆదివారం రాత్రి 9 గంటలకు వచ్చేది. వేసవిలో అక్కడ గడియారాలు గంట ముందుకు జరిపే నెలలు కాబట్టి యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, అది సోమవారం తెల్లవారుజాము 1:00. తర్వాతి సీజన్లలో బ్రిటన్‌లో అదే క్షణాన, అంటే అక్కడి తెల్లవారుజామున 2 గంటలకు ప్రసారం చేసి, మళ్లీ సోమవారం రాత్రి 9కి వేసేవాళ్లు. నిద్ర మానుకోలేని వాడికి 19 గంటలు ఆలస్యం. అందుకే మొదటి గడువు 24 గంటల కంటే తక్కువ పెడితే లాభం లేదు.

ప్రసార దినానికి ఏర్పాటు ఇలా ఉండాలి. ప్రసారానికి అరగంట ముందు ‘నడుస్తుండగా’ థ్రెడ్ (ఒకే విషయం మీద సాగే చర్చ) తెరుచుకుంటుంది. అందులో లేబుల్ అవసరం లేదు, వచ్చినవాడు చూస్తూ వచ్చినవాడే. ఎపిసోడ్ ముగిసిన నిమిషానికి ‘చూశాకే’ థ్రెడ్. రెండూ ముందే రాసి టైమర్ మీద పెట్టాలి, చేత్తో తెరవాలనుకుంటే ఆ ఆలస్యంలో పది విడి పోస్టులు వచ్చి పడతాయి. ఆ తర్వాత 24 గంటలు విడి పోస్టులన్నీ మోడరేటర్ ఆమోదం కోసం ఆగాలి. వారం పాటు ఫొటోల చిన్నబొమ్మలు బ్లర్‌లో ఉండాలి. టైటిల్ నియమానికి మాత్రం గడువే పెట్టకూడదు, అది ఎప్పటికీ ఉంటుంది. ప్రకటనల్లో ‘ఈ రాత్రి’, ‘రేపు’ అని రాయకుండా యూటీసీ సమయం ఇవ్వాలి.

వచ్చేవారం ప్రోమో, ఎపిసోడ్ పేరు, నటుల జాబితా కూడా స్పాయిలర్లేనా? ప్రోమోని కళ్లు మూసుకుని దాటేసేవాళ్లు నిజంగానే ఉంటారు. ప్రోమోకి ‘చూశాకే’ థ్రెడ్‌లో చోటివ్వకుండా విడిగా ఒక థ్రెడ్ ఇవ్వడం చవకైన పరిష్కారం. దాని మీద ఇంతకంటే వాదించడం వృథా.

సీజన్ అంతా ఒకేరోజు విడుదలయ్యే సిరీస్‌లకు ఈ గడియారం పని చేయదు. హౌస్ ఆఫ్ కార్డ్స్ మొదటి సీజన్ 13 ఎపిసోడ్లూ 2013 ఫిబ్రవరి 1న ఒక్కసారే వచ్చాయి. అక్కడ ఎపిసోడ్‌కో థ్రెడ్ చొప్పున 13 తెరిచి, ప్రతిదానిలో తర్వాతిదానికి లింక్ పెట్టి, ఆరో థ్రెడ్‌లో ఏడో ఎపిసోడ్ మాట ముసుగు వేసి కూడా ఎత్తకూడదని కట్టుదిట్టం చేయాలి. ముసుగు వద్దనడానికి కారణం ఉంది: నలుగురు నల్ల పట్టీలు వేశారంటే తర్వాతిదాంట్లో ఏదో ఉందని అర్థమైపోతుంది.

తెలిసినవాళ్ల సైగలు

2013 జూన్ 2న మూడో సీజన్ తొమ్మిదో ఎపిసోడ్ వచ్చింది. అందులో జరిగేది పుస్తక పాఠకులకు 2000 నుంచే తెలుసు. పదమూడేళ్లు ముద్రణలో ఉన్న విషయం, వెతికితే ఒక్క నిమిషంలో దొరికే విషయం. అయినా లక్షలమంది తెలియకుండానే ఆ రాత్రి టీవీ ముందు కూర్చున్నారు. పాఠకులు తమ ఇంట్లోవాళ్ల ముఖాలను వీడియో తీసి మర్నాడు పెట్టడం పెద్ద ముచ్చటైంది. నియమాలు ఒక్కటే కాదు, తెలిసినవాళ్లకు అది దాచిపెట్టుకోవడంలో ఉండే సరదా కూడా కాపాడింది. స్పాయిలర్ నియంత్రణ చేసేవాళ్లు ఈ సరదాని తక్కువ అంచనా వేస్తారు. తెలిసినవాళ్లకు తమలో తాము గుసగుసలాడుకునే గది ఒకటి ఇస్తే, బయట నోరు కట్టుకోవడం వాళ్లకి తేలిక. కొన్ని పత్రికలు ఒకే ఎపిసోడ్‌కి రెండు సమీక్షలు వేయడం వెనక ఉన్నది కూడా ఇదే తర్కం: చదివినవాళ్లకొకటి, చదవనివాళ్లకొకటి.

ఇక్కడ తెగింది వేరే చోట. పాఠకుడు ఏమీ చెప్పడు. చెప్పకనే చెప్తాడు. కొత్త ప్రేక్షకుడు ‘నాకీ పాత్ర భలే నచ్చింది’ అంటే, కింద ‘హహ, అయ్యో పాపం’. ఎవరో ఒక ఊహ చెప్తే ‘ఆసక్తికరం... తొమ్మిదో ఎపిసోడ్ దాకా ఓపిక పట్టు’. ఈ సిరీస్‌లో చాలా సీజన్లలో తొమ్మిదో ఎపిసోడ్‌కే పెద్ద దెబ్బ ఉండేది కాబట్టి ఆ అంకె పలకడమే ఒక సైగ అయిపోయింది. వీటికి స్పాయిలర్ నియమం వర్తించదని వాదిస్తారు, నిజానికి ఏ కథా చెప్పలేదు కదా అని. అందుకని నియమాన్ని విషయం మీద కాకుండా మనిషి మీద పెట్టాలి: ముందు కథ తెలిసినవాడు ‘పుస్తకం లేదు’ థ్రెడ్‌లో ఎవరి ఊహకీ జవాబివ్వకూడదు. ఔననకూడదు, కాదనకూడదు, నవ్వకూడదు. అడ్డగోలు ఊహని చూసి ‘అబ్బే, అలా జరగదులే’ అనడం కూడా స్పాయిలరే.

డిలీట్ చేయడమే సాక్ష్యం అయినప్పుడు

మోడరేటర్లు తరచుగా చేసే పొరపాటు ఇది. ఒకడు ‘కెప్టెనే హంతకుడు’ అని రాశాడు. ఊరికే అన్నాడో తెలిసి అన్నాడో ఎవరికీ తెలియదు. మోడరేటర్ గబుక్కున తీసేసి ‘స్పాయిలర్ కాబట్టి తొలగించాం’ అని నోటీసు పెట్టాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే. అప్పటిదాకా పది ఊహల్లో ఒకటిగా పోయేది కాస్తా ధ్రువపడిన వార్త అయింది.

దీనికి మూడు పనులు. తొలగింపు నోటీసు ఒక్కటే రకంగా ఉండాలి: ‘పరిధి లేబుల్ నియమం ప్రకారం తొలగించాం’. అది నిజమైనా, అబద్ధమైనా, బూతైనా అదే నోటీసు. రెండు, అబద్ధపు స్పాయిలర్‌కి కూడా నిజమైనదానికి వేసే శిక్షే. లేదంటే శిక్షల తేడా చూసి ఏది నిజమో లెక్క కట్టేస్తారు. మూడు, నిజాయితీగా వచ్చిన ఊహని, అది అచ్చంగా నిజమైనా సరే, ముట్టుకోకూడదు. వదిలేస్తే ఊహగానే ఉంటుంది.

నిషేధ పదాల జాబితాదీ ఇదే కథ. ఫలానా రెండు పేర్లు ఒకే వాక్యంలో వస్తే ఆపమని ఆటోమేటిక్ ఫిల్టర్ పెట్టొచ్చు, కానీ ఆ జాబితా బయటపడితే అదే అన్నిటికంటే పెద్ద స్పాయిలర్. అందుకే ఫిల్టర్ జాబితా చూసే హక్కు కథ తెలిసిన మోడరేటర్లకే ఉండాలి. ఫిల్టర్ పోస్టుని తీసేయకుండా ఆమోద వరుసలోకి మాత్రమే నెట్టాలి, రాసినవాడికి ఏ పదం వల్ల ఆగిందో చెప్పకూడదు. టైటిల్ మొదట్లో బ్రాకెట్ లేని పోస్టుని మాత్రం నిరభ్యంతరంగా వెనక్కి పంపొచ్చు; అందులో గుట్టేమీ లేదు.

లీక్ వారం

2015లో ఐదో సీజన్ ఏప్రిల్ 12న మొదలవ్వాలి. దానికి ముందు రోజే మొదటి నాలుగు ఎపిసోడ్లు ఇంటర్నెట్‌లోకి వచ్చేశాయి. అంటే కొంతమందికి నెల రోజుల కథ ముందే తెలుసు. 2017లో ఏడో సీజన్ నాలుగో, ఆరో ఎపిసోడ్లు కూడా ప్రసారానికి ముందే బయటపడ్డాయి.

లీక్ వచ్చినప్పుడు పుస్తకం నియమాలు చాలవు. పుస్తక పాఠకుడు ఏళ్లుగా అలవాటుపడ్డవాడు, లేబుల్ అంటే ఏమిటో తెలిసినవాడు. లీక్ చూసినవాడికి నిన్న రాత్రే తెలిసింది, చెప్పకపోతే కడుపు ఉబ్బిపోతుంది. వాళ్లలో కొందరు పనిగట్టుకుని చెడగొట్టడానికే వస్తారు. కాబట్టి మొదటి గంటలో చేయాల్సింది: కొత్త ఖాతాల పోస్టులు, కామెంట్లు ఆమోద వరుసలోకి, ఫొటోలు, వీడియోలు పూర్తిగా ఆపివేత, ప్రసారమైన ఎపిసోడ్ల ‘చూశాకే’ థ్రెడ్ తప్ప తక్కినవాటికి తాళం. లీక్ గురించి మాట్లాడుకోవడానికి విడిగా ఒక థ్రెడ్ తెరవడం మంచిదా కాదా అన్నది తగువే. తెరవడమే మేలన్నది నా అభిప్రాయం. చోటు ఇవ్వకపోతే వాళ్లు మానరు, తక్కిన థ్రెడ్లలోకి చొరబడతారు. లింకులకు మాత్రం ఆ థ్రెడ్‌లోనూ చోటు లేదు, అది స్పాయిలర్ సంగతి కాదు, దొంగ కాపీ సంగతి.

ఫిల్టర్ కామెంట్‌లోని మాటల్నే చూస్తుంది, ఖాతా పేరుని చూడదు అన్నది ఆకతాయిలు కనిపెట్టిన కిటుకు. కథలోని రహస్యాన్నే ఖాతా పేరుగా పెట్టుకుని ‘హాయ్’ అని రాస్తారు. రాసిన మాటలో తప్పు లేదు కాబట్టి ఫిల్టర్ వదిలేస్తుంది. ఫిల్టర్‌ని కామెంట్ మీదే కాకుండా రచయిత పేరు మీద కూడా నడపాలి. ఇన్‌బాక్స్‌లోకి నేరుగా పంపే స్పాయిలర్‌ని మోడరేటర్ ఆపలేడు. అపరిచితుల సందేశాలు ఎలా ఆపుకోవాలో చెప్పే నాలుగు వాక్యాలు పిన్ చేసి పెట్టడం వరకే చేతిలో ఉంది.

మోడరేటర్లూ ప్రేక్షకులే, ఇది చాలామంది మర్చిపోతారు. లీక్ వారంలో రిపోర్టుల వరుస తెరిచినవాడికి ఆ సీజన్ అయిపోయినట్టే. ముందే అడిగి పెట్టుకోవాలి: ఎవరికి పర్లేదు, ఎవరికి కాదు. వద్దన్నవాళ్లకి ఆ వారం టైటిల్ బ్రాకెట్లు సరిచూడటం, పాత సీజన్ల థ్రెడ్లు చూసుకోవడం లాంటి పనులివ్వాలి. మోడరేటర్ల సొంత చాట్‌లో స్క్రీన్‌షాట్లు పెట్టడం మానిపించాలి. లింక్ ఇచ్చి ‘లీక్, నేను చూసుకున్నాను’ అంటే చాలు.

దిక్కు మారిన సీజన్

2016 ఏప్రిల్ 24న ఆరో సీజన్ మొదలైంది. ఆరో పుస్తకం రాలేదు. ఐదేళ్లుగా ‘మాకు తెలుసు, మీకు చెప్పం’ అని కూర్చున్న పాఠకులు ఒక్క రాత్రిలో చెప్పించుకునే వైపుకి వచ్చారు. టీవీ చూడకుండా పుస్తకం కోసమే ఎదురుచూస్తామన్నవాళ్లకి ఇప్పుడు టీవీ నుంచి రక్షణ కావాలి. ‘పుస్తక పాఠకుడికి అన్నీ తెలుసు’ అన్న ఊహ మీద కట్టిన నియమాలన్నీ తలకిందులయ్యాయి.

పరిధి లేబుల్ ఉన్న చోట దెబ్బ చిన్నది. అప్పటికే ఎవరు ఎంత తెలిసినవాళ్లని కాకుండా, ఈ పోస్ట్ ఏ మూలాల నుంచి మాట్లాడుతుందని అడుగుతున్నారు కాబట్టి, ‘అచ్చయిన పుస్తకాలు మాత్రమే, టీవీ లేదు’ అని కొత్త పరిధి ఒకటి చేర్చితే సరిపోయింది. ‘కొత్తవాళ్లు’, ‘నిపుణులు’ అని మనుషుల్ని విడదీసుకున్న చోట మాత్రం ఆ రెండు పేర్లకూ అర్థం పోయింది. కొత్తగా ఏర్పాట్లు చేసుకునేవాళ్లు గట్టిగా పట్టుకోవాల్సిన తేడా ఇది: గదుల పేర్లు మనుషుల మీద పెట్టకూడదు, మూలాల మీద పెట్టాలి. సిరీస్ పుస్తకాన్ని ఎప్పుడు దాటేస్తుందో, ఎప్పుడు పక్కదారి పడుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు.

అసలు స్పాయిలర్ వల్ల నష్టం లేదని పరిశోధన ఉంది కదా అని ప్రతి సీజన్‌లోనూ ఎవరో ఒకరు వస్తారు. 2011లో లీవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 12 చిన్న కథలతో ప్రయోగం చేసి, ముగింపు ముందే తెలిసినవాళ్లు కథని మరింత ఇష్టపడ్డారని తేల్చారు. 2015లో జాన్సన్, రోసెన్‌బామ్ చేసిన అధ్యయనంలో దీనికి భిన్నమైన ఫలితం వచ్చింది. ఒక కూర్చున్నపాటున చదివే చిన్న కథకీ, ఎనిమిదేళ్లు వారం వారం ఎదురుచూసే సిరీస్‌కీ పోలిక పెట్టడమే దూరం. ఆ వాదన ఎలా తేలినా మోడరేటర్ పనికి సంబంధం లేదు. ముందే తెలుసుకోవాలా వద్దా అన్నది చూసేవాడి ఇష్టం, పక్కవాడిది కాదు.

సిరీస్ ముగిశాక

సిరీస్ ముగిశాక లేబుల్ నియమాలు ఎత్తేయాలనిపిస్తుంది, అందరూ చూసేశారు కదా అని. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం ఎప్పుడూ వస్తూనే ఉంటారు. మొత్తం వేదికని వాళ్ల కోసం మూసిపెట్టడం అన్యాయం, అనవసరం కూడా. ‘మొదటిసారి చూస్తున్నాం’ అని ఒకే ఒక్క థ్రెడ్ ఉంచితే చాలు. అందులో రాసేవాడు ప్రతి కామెంట్ మొదట్లో తాను చూసిన చివరి ఎపిసోడ్ నంబర్ వేస్తాడు. జవాబిచ్చేవాడు ఆ నంబర్ దాటకూడదు, ఊహలకు జవాబివ్వకూడదు, ‘రీవాచ్’ అనే మాట వాడకూడదు. ఫలానా సీన్‌ని మళ్లీ చూడాలనిపిస్తుంది అన్నా, ఆ సీన్‌లో ఏదో దాగి ఉందనే అర్థం. ఆ థ్రెడ్‌కి కాపలా కాయడానికి ఒక్క మోడరేటర్ చాలు, కాకపోతే మొత్తం 73 ఎపిసోడ్లూ గుర్తున్నవాడై ఉండాలి. నంబర్ వేయకుండా వచ్చిన ప్రశ్నకి ఎవరూ జవాబివ్వక ముందే అతను అడగాల్సింది ఒక్కటే: ‘ఏది చూసి వచ్చారు?’